తువ్వాలు కింద గడి

ఏప్రిల్ 28, బుధవారం

ఈ డైరీ లియో బావ ఇచ్చాడు. మాలూరులో బావ పనిచేసే పెంకుల ఫ్యాక్టరీ వాళ్ళు పంచింది, అదీ మూడేళ్ళ కిందటిది. తేదీకీ వారానికీ పొత్తు కుదరదు కాబట్టి వారాలు కొట్టేసి నేనే రాసుకుంటున్నాను. ప్రతి పేజీ నెత్తినా ‘మా పెంకు మీ ఇంటికి గొడుగు’ అని అచ్చేసి ఉంది. ఏడుద్దామని కూర్చున్నా ముందు ఆ గొడుగు చదవాల్సిందే.

బావ ఇచ్చింది డైరీ ఒక్కటే అయితే బాగుండేది. ఆ ఫ్యాక్టరీ ప్యాకింగులో నాకు ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టాడు. జూలై మొదటి సోమవారం చేరాలట. అక్క సరే అంది, అమ్మ సరే అంది, నాన్న సరే అన్నాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాను. నేను కంప్యూటర్ చదివినదాన్ని, గడ్డి చుట్టి పెంకులు సర్దే పని నాకొద్దు అన్నాను.

“యాడ చదివినావు నాన్సీ? సగమే గదా,” అన్నాడు నాన్న. “చెప్పేవాడే బాగిలేసుకొని పాయె.”

అది నిజమే. రాబర్ట్‌సన్‌పేటలో నేను చేరిన కంప్యూటర్ సెంటర్ ఆరో పాఠం అయ్యాక మూతపడింది. మా ఇంట్లో వాళ్ళు అడుగుపెట్టిన చోటల్లా మూతపడుతుందని నాన్నకు గట్టి నమ్మకం. నాన్న చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో చేరాడు, గని మూశారు. అమ్మ కుట్టు సెంటర్లో చేరింది, దాన్నీ మూశారు. అక్క చేరిన బేకరీ అయితే ఆమె పెళ్ళి దాకా కూడా ఆగలేదు.

“అట్లయితే పెంకుల ఫ్యాక్టరీ వాళ్ళకి ముందే చెప్పేది మేలు గదా నాయనా,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. బావ మాత్రం నిజంగానే భయపడ్డట్టు కనిపించాడు.

మే 3, సోమవారం

దారి దొరికింది! ఇసబెల్లా అత్త శ్రీనివాసపురంలో నర్సు. మామిడి మండీ బచ్చప్పకు ఇంజెక్షన్ వేస్తూ “మా మేనకోడలు కంప్యూటర్ ఇంజనీరు” అనేసిందట. సూది గుచ్చుకుని ఉన్నప్పుడు మనిషి ఏం చెప్పినా ఒప్పుకుంటాడు. రమ్మన్నాడు. కోలార్‌లో బస్సు మారి వెళ్ళాను.

బచ్చప్ప మండీ అంటే నాలుగువైపులా తెరిచి ఉన్న పెద్ద రేకుల షెడ్డు. అంతా మామిడి కుప్పలు. మధ్యలో ఒక బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పి, కవరుకు కుంకుమ పెట్టిన కంప్యూటరు. ఎదురు మండీవాడు కొన్నాడని కొన్నాడు. కొన్నప్పటినుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఎదురు మండీలో రైతులకు అచ్చు చీటీలు ఇస్తారట. బచ్చప్ప చేత్తో రాసే చీటీ బచ్చప్ప తప్ప ఎవరూ చదవలేరు, కొన్నిసార్లు బచ్చప్ప కూడా.

“నాకీ అచ్చు చీటీ వచ్చేట్ల చేస్తివంటే నువ్వు ఈడనే పర్మనెంటు,” అన్నాడు. “జూన్ అయిపోయే లోపల కావల్లమ్మా. కాలేదంటే ఇంగ ఇది మళ్ళీ కవరు లోపలికే.”

“అవుతుందప్పా,” అన్నాను. అవుతుంది. ఎందుకు కాదు?

మే 10, సోమవారం

ప్రోగ్రాం సిద్ధం. మొత్తం బటన్లతోనే చేశాను. రైతు పేరు ఒక బటను, నొక్కితే చాలు. కాయల్లో తోతాపురి ఒక బటను, బాదామి ఒక బటను, నీలం ఒక బటను. బరువు కోసం ఒకటి నుంచి సున్నా వరకు అంకెల బటన్లు. తెర మీద ఇసుక వేస్తే రాలదు.

టైపు చేసే తెల్ల గడులు, అదే టెక్స్ట్ బాక్సులు, ఒక్కటి కూడా పెట్టలేదు. టైపింగ్ రానివాళ్ళకు సుళువుగా ఉండాలని కావాలనే పెట్టలేదు.

మే 12, బుధవారం

పొద్దున చిన్నవెంకటమ్మ అనే కొత్త రైతు ట్రాక్టరుతో వచ్చింది. ఆమె పేరుతో బటను లేదు. ఆమెను కూర్చోబెట్టి, ప్రోగ్రాం ఆపి, కొత్త బటను గీసి, పేరు పెట్టి, మళ్ళీ నడిపేసరికి వెనక ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచాయి. తర్వాత నంజుండప్ప వచ్చాడు. నంజుండప్ప బటను ఉంది, కానీ అది ఈ నంజుండప్పది కాదట. ఇంకో నంజుండప్ప కూడా క్యూలో ఉన్నాడట.

బచ్చప్ప నెమ్మదిగా అన్నాడు: “అమ్మణ్ణీ, పేరు రాసేదానికి ఒక ఖాళీ గడి పెట్టరాదా? పోస్టాఫీసు కాగితంలో ఉంటాది చూడు, అట్లాంటిది. ఎవురొస్తే వాళ్ళ పేరు కొట్టేస్తే సరిపాయె.”

“అది చాలా అడ్వాన్స్‌డప్పా. టైం పడుతుంది,” అన్నాను.

టైపింగ్ రానివాళ్ళకు సుళువుగా ఉండాలనే పెట్టలేదు.

మే 13, గురువారం

ఏడో పాఠం. టెక్స్ట్ బాక్స్ ఏడో పాఠంలో ఉండేది. నాకు వచ్చింది ఆరు. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాశాను.

మే 15, శనివారం

మా సెంటర్ డెన్నిస్ సార్ ఇప్పుడు ఆండర్సన్‌పేటలో కోడి మాంసం కొట్టు నడుపుతున్నారు. వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

“ఏమ్మా నాన్సీ! లెగ్గా, బ్రెస్టా?”

“సార్, టెక్స్ట్ బాక్స్.”

సార్ కత్తి పట్టుకున్న చేయి గాల్లోనే ఆగిపోయింది. నా వెనక ఉన్నవాళ్ళు ఇదేదో కోడిలో కొత్త భాగం అనుకున్నట్టు తొంగి చూశారు. సార్ కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నారు. తడి వేలితో బల్ల మీద ఒక గడి గీశారు.

“ఎడమ పక్క పెట్టెలో ‘ఎబి’ అని బొమ్మ ఉంటాది గదా, దాన్ని పట్టి ఫారం మీదకి ఈడ్చు. గడి వస్తాది. గడికి మనం పెట్టే పేరు వేరే, గడి లోపల మనిషి కొట్టేది వేరే. ఆ రెండూ కలిపేసినావంటే పోతావు.” వెనకనుంచి ఒకామె “అరకేజీ సార్” అంది. “ఉండమ్మా, క్లాసు నడస్తా ఉండాది,” అని కసిరారు.

ఏడో పాఠంలో సార్‌కు గుర్తున్న ఉదాహరణ ఒక్కటే, కంప్యూటర్ తెరవగానే రహస్య మాట అడిగే గడి. దాన్ని ఎలా చేయాలో వరసగా చెప్పారు. బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. నా చేతిలో ఒక పొట్లం పెట్టి, “సర్టిఫికెట్ ఈలేకపోతిని. కందనకాయలు తీసుకో,” అన్నారు. సార్ కళ్ళు తడిగా ఉన్నాయి. ఉల్లిపాయలేవీ లేవు అక్కడ.

మే 18, మంగళవారం

పరువు పోయింది.

సార్ చెప్పిన గడిని ఒకటి చేసి, దాన్నే కాపీ కొట్టి అన్నిచోట్లా అతికించాను. పేరు, ఊరు, కాయ రకం, బరువు. బటన్లన్నీ పీకేశాను. తెర శుభ్రంగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది. అక్కయమ్మ, అంటే బచ్చప్ప భార్య, కొబ్బరికాయ కొట్టింది. బచ్చప్ప దండం పెట్టుకుని చూపుడువేలితో తన పేరులో మొదటి అక్షరం కొట్టాడు. నక్షత్రం వచ్చింది. రెండో అక్షరం కొట్టాడు. ఇంకో నక్షత్రం.

సార్ చెప్పింది రహస్య మాట గడి కదా. అందులో ఏం కొట్టినా బయటికి నక్షత్రాలే కనిపిస్తాయి. నేను దాన్నే కాపీ చేశాను కాబట్టి శ్రీనివాసపురం తాలూకా రైతులందరూ నక్షత్రాలైపోయారు. ఊళ్ళు నక్షత్రాలు. కాయలు నక్షత్రాలు.

“పరవాలేదు,” అంది అక్కయమ్మ. “అందురూ ఒకే మాదిరి ఉండారు. ఎవుర్నీ ఎక్కువ తక్కువ చేసినట్ల లేదు.”

ఇది టెస్టింగ్ అని చెప్పాను. గడి గుణాల్లో ఆ నక్షత్రం గుర్తును వెతికి చెరిపేస్తే అక్షరాలు వచ్చాయి. నిజానికి ఒక రకంగా అది టెస్టింగే.

మే 24, సోమవారం

గడులు పెట్టడం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి అందరికీ గడులే కావాలి. బచ్చప్పకు తండ్రి పేరు గడి కావాలి, లారీ డ్రైవరు పేరు గడి కావాలి. పెట్టాను. అక్కయమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని, “మనిషి ఎట్లాంటోడు అని ఒక గడి పెట్టు,” అంది. పెట్టాను. ఆమె చెప్తుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒకాయనకు ‘కాఫీ ఇస్తే తాగడు, పొగరు’ అని చెప్పింది.

ఆ గడి చీటీ మీద కూడా అచ్చవుతుందని నాకు తట్టలేదు. ఆయనకు బస్సులో ఎవరో చదివి వినిపించారట. సాయంత్రానికి తిరిగి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బల్ల ముందు నిలబడి రెండు కాఫీలు తాగి వెళ్ళాడు. ఆ గడి తీసేశాను. అక్కయమ్మకు కోపం వచ్చింది.

నాకు మాత్రం ఈ పని చచ్చేంత నచ్చింది. ఖాళీ గడిలో గీత మిణుకు మిణుకుమంటూ మనం ఏం చెప్తామా అని కాచుకుని ఉంటుంది. మా ఇంట్లో నా మాట కోసం అలా ఎవరూ కాచుకోలేదు.

మే 27, గురువారం

అన్ని గడులూ నిండుతున్నాయి, ఒక్కటి తప్ప. ధర.

ఈ మండీలో ధర నోటితో చెప్పరు. బచ్చప్ప, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. చేతుల మీద తువ్వాలు కప్పుతారు. కింద వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి బేరం చేస్తారు. పైకి వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కనున్న బేరగాడికి ఒక్క ముక్క తెలియదు, తెలియకూడదు. కుదిరాక బచ్చప్ప అటు తిరిగి ధర వేసి చీటీ రాసి, రైతుకొకటి, కొన్నవాడికొకటి మడిచి ఇస్తాడు. మిగతా మండీలు ఎప్పుడో మానేశాయట. బచ్చప్ప మానలేదు.

“ధర ఎంతప్పా? గడిలో కొట్టాలి,” అన్నాను. నేనేదో అడగరానిది అడిగినట్టు అందరూ నన్నే చూశారు. బచ్చప్ప అలవాటుకొద్దీ తువ్వాలు కప్పిన చేయి నా వైపు చాపాడు. అంతలో నేను ఆడపిల్లనని గుర్తొచ్చినట్టుంది, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ధర లేని చీటీ ఎందుకు? చేతులు తుడుచుకోవడానికి కూడా పనికిరాదు.

జూన్ 1, మంగళవారం

నిన్న బచ్చప్ప తానే కొడతానని కూర్చున్నాడు. గడిలో అంకెలు ఇంత లావున పడ్డాయి. నాలుగువైపులా తెరిచిన షెడ్డు, తెర ఎటు తిప్పినా ఎవడో ఒకడు చూస్తూనే ఉంటాడు. వెనకనుంచి ఒక బేరగాడు గట్టిగా చదివేశాడు. బచ్చప్ప తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. ఇప్పుడు ఆయనకు కూడా కనిపించదు. అందుకని తలకాయ తువ్వాలు లోపలికి దూర్చాడు.

అప్పుడే గోవిందప్ప వచ్చాడు. చిత్తూరు నుంచి వచ్చే పెద్ద బేరగాడు, ఎక్కువ బాదామి కొనేది ఆయనే. “ఏమి బచ్చప్పా, జలుబా? ఆవిరి పడతాండావే,” అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు. నేను కూడా నవ్వాను, నవ్వకూడదని తెలిసీ.

ఇవాళ ధర గడిని, అందులో అంకెలను చీమంత చిన్నవి చేశాను. బేరగాళ్ళకు కనిపించదు. బచ్చప్పకూ కనిపించదు. నా కళ్ళకే ఆనుతుంది. కాబట్టి నేనే కొట్టాలి. కానీ నాకు ధర ఎవరు చెప్తారు?

జూన్ 4, శుక్రవారం

దారి అక్కయమ్మ చెప్పింది. బచ్చప్ప తువ్వాలు కింద ఆమె వేళ్ళు పట్టుకుని ధర చెప్పాలి. ఆమె నా వేళ్ళు పట్టుకుని చెప్తుంది. నేను కొడతాను. ఏ వేలుకు ఏ అంకె, ఎలా పడితే ఎంత, అన్నీ భోజనాల వేళ నాకు నేర్పింది. “మీకెవరు నేర్పించారమ్మా?” అంటే, “నేను ఆయప్ప మోచెయ్యి చూస్తా చూస్తా నేర్చుకుంటిని. చెప్పొద్దు,” అంది.

మధ్యాహ్నం మొదటి బేరం. బచ్చప్ప అందరి ముందూ పెళ్ళాం చేయి పట్టుకోవాల్సి వచ్చింది. పెళ్ళికొడుకులా తల వంచుకున్నాడు. బేరగాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాత అక్కయమ్మ నా వేళ్ళు పట్టుకుని నొక్కింది, చిన్నగా నవ్వింది. నేను కొట్టాను. చీటీ అచ్చయింది. సాయంత్రం దాకా ఒక్క తప్పు లేకుండా నడిచింది.

నేను పర్మనెంట్ అవుతున్నాను. బావకు ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలి.

జూన్ 5, శనివారం

అయిపోయింది.

గోవిందప్ప పొద్దున్నే చీటీ పట్టుకుని వచ్చాడు. అరవలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. “బచ్చప్పా, తువ్వాలు కింద ఒక మాట, కాయితం మింద ఇంగొక మాటా? నీ చెయ్యి నమ్మి ఇన్నేండ్లు వస్తిని. ఇంగ ఎదురు మండీకి పోతాను. వాళ్ళు కనీసం నోటితో చెప్తారు.”

నేను అక్కయమ్మ చెప్పిందే కొట్టాను. చీటీ మీద ఉన్నదీ అదే. అక్కయమ్మ వైపు చూశాను. ఆమె మామిడి కుప్పల వైపు చూస్తోంది. నాకు అర్థమైంది. మొగుడు చవగ్గా అమ్మేశాడనుకున్నప్పుడల్లా మధ్యలో ఆమె ఒక వేలు పెంచింది.

నేను చెప్పలేదు. ఎలా చెప్తాను? బచ్చప్ప కవరు తెచ్చి కంప్యూటరు మీద కప్పాడు. కుంకుమ తెచ్చి పెట్టాడు. “నా చెయ్యి ఎప్పుడూ అబద్ధం చెప్పిండ్లేదమ్మా,” అన్నాడు. “పో, ఇంగ రావద్దు.”

ఇంటికొచ్చాను. నాన్న నా ముఖం చూసి, “మూసిరా?” అన్నాడు.

“మూసినారు నాయనా. కవరేసి.”

నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “షాఫ్టు మూసిన దినం నేనూ ఇట్లే వస్తిని,” అని, నా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. మాలూరుకు మొదటి రోజు తానే తోడు వస్తానన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఉద్యోగం కోసం కాదు. సరే, ఉద్యోగం కోసమే. ఆ గడులన్నీ నావి. ఒక్కొక్కటీ చేత్తో ఈడ్చి పెట్టాను.

మా పెంకు మీ ఇంటికి గొడుగు.

జూన్ 6, ఆదివారం

చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. కానుకల సంచి వచ్చింది. నాన్న ఎప్పటిలాగే పిడికిలి గట్టిగా మూసి, మణికట్టు దాకా సంచిలో దూర్చి, లోపలే తెరిచాడు. ఎంత వేశాడో పక్కనున్న నాకు కూడా తెలియదు. అందరూ అంతే. చేయి లోపలికి పోవడం కనిపిస్తుంది, అందులో ఏముందో కనిపించదు.

“నక్షత్రాలు!” అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. పాస్టరుగారు ఆగి, కళ్ళద్దాల మీదనుంచి చూశారు. ముందు వరస ఆమె భక్తిగా “ఆమెన్” అంది. అమ్మ తొడపాశం పెట్టింది. ఇప్పటికీ మండుతోంది, కానీ నేను రేపు శ్రీనివాసపురం వెళ్తున్నాను.

జూన్ 7, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

బచ్చప్ప నన్ను చూసి “రావద్దంటి గదా” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అక్కయమ్మ లేచింది. “ఆ పిల్లని ఏమీ అనొద్దు. పెంచింది నేను. అంత మంచి బాదామిని ఆ ధరకిస్తే నాకు ప్రాణం ఒప్పలేదు,” అని కంప్యూటరు మీది కవరు ఒక్క గుంజు గుంజింది. కుంకుమ అంతా నా మీద పడింది. “నీకి వేళ్ళ లెక్క ఎట్ల తెలుసే?” అని బచ్చప్ప అప్పుడే తట్టినట్టు అడిగాడు. ఆమె చెప్పలేదు.

గోవిందప్ప ఎదురు మండీ దగ్గర లారీ ఎక్కబోతున్నాడు. అక్కయమ్మే వెళ్ళి తప్పు ఒప్పుకుని, పాత చీటీ చింపి, చేయి పట్టుకోకుండా నోటితోనే పిలుచుకొచ్చింది.

ఆలోపు నేను ధర గడిలో నక్షత్రం గుర్తు మళ్ళీ పెట్టాను. ఈ ప్రోగ్రాంలో ఇంత తక్కువ సేపు పట్టిన పని ఇంకేదీ లేదు. గడిని మామూలు సైజుకు పెంచాను. “ఇప్పుడు మీరు కొట్టండప్పా. ఎవరు చూసినా నక్షత్రాలే. కాయితం మీద మాత్రం అంకెలే పడతాయి,” అన్నాను.

“నాకూ కనపడదు గదా?” అన్నాడు. తర్వాత తనే నెమ్మదిగా, “తువ్వాలు కింద మాత్రం నాకేమి కనపడతా ఉండె? చూడకుండానే గదా ఇన్నేండ్లు చెప్తిని,” అన్నాడు.

గోవిందప్పతో బేరం అయింది. బచ్చప్ప వచ్చి కూర్చున్నాడు. చూపుడువేలు పైకెత్తాడు. గోవిందప్ప తెర వైపు చూడనే లేదు, ఆ వేలినే చూస్తున్నాడు. “తెర మూస్తివి సరే. చెయ్యి చూస్తే ఏ అంకె కొడతావో నాకు తెలిసిపోతాది, నాకి తెలిస్తే అందురికీ తెలుస్తాది,” అన్నాడు.

ఇంక నా దగ్గర ఏమీ లేదు. ఏడో పాఠం అంతే.

బచ్చప్ప భుజం మీద తువ్వాలు తీశాడు. దులిపాడు. కీబోర్డు మీద అంకెలున్న వైపు కప్పి, కింద చేయి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తువ్వాలు కింద వేళ్ళు కదిలాయి, ఆగాయి, కదిలాయి. పైకి గోవిందప్పతో “వానలు ఈసారి తొందరగా వస్తాయంటారు” అన్నాడు. తెర మీద ఒక నక్షత్రం, ఇంకొకటి, ఇంకొకటి. చీటీ అచ్చయింది. నేను చూడకుండా మడిచి ఇచ్చాను.

గోవిందప్ప విప్పి చూసుకున్నాడు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “వస్తాయి బచ్చప్పా, ఈసారి వానలు బాగానే వస్తాయి,” అన్నాడు.

అక్కయమ్మ కాఫీ తెచ్చింది. నేను నాలుగు తాగాను.

జూన్ 16, బుధవారం

ఎదురు మండీవాడు కాయలు చూడ్డానికి వచ్చినట్టు వచ్చి తెర చూసిపోయాడు. వాళ్ళ బేరగాళ్ళు కూడా నక్షత్రాలు కావాలంటున్నారట. బచ్చప్ప ఆయనకు కాఫీ ఇవ్వలేదు.

ఆ నక్షత్రాల ఆలోచన నాకు మొదటినుంచీ ఉంది. మే 18న చేసింది అదే కదా.

జూన్ 30, బుధవారం

జూన్ అయిపోయింది. బచ్చప్ప నన్ను పిలిచి, “పర్మనెంటు అంటిని గదా. జీతం మాట్లాడల్ల,” అన్నాడు. షెడ్డులో గోవిందప్పతో సహా అందరూ ఉన్నారు. నోటితో చెప్పడు. ఆడపిల్లను, చేయి పట్టుకోడు. కాసేపు అటూ ఇటూ చూసి, వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తువ్వాలు కప్పాడు. ధర గడిలో నా జీతం కొట్టాడు.

నక్షత్రాలు. షెడ్డంతా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. “బాగనే ఉండాది” అన్నాడొకడు. “ముందర ఉండేది ఒకటో తొమ్మిదో, అది తెలీకుండా ఎట్ల బాగుంటాది?” అన్నాడింకొకడు.

“ఒప్పుకుంటావామ్మా?” అన్నాడు బచ్చప్ప.

“ఒప్పుకుంటానప్పా.”

“చూడకుండానేనా?”

“మీ చెయ్యి ఎప్పుడూ అబద్ధం చెప్పిండ్లేదు గదా.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు. ఆ తర్వాతే అచ్చు వేసి మడిచిన చీటీ ఇచ్చాడు. బస్సు ఎక్కాక విప్పి చూశాను. ఎంతో ఇక్కడ రాయను. ఇది పెంకుల ఫ్యాక్టరీ డైరీ.

ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. “ఎంతిస్తానన్నాడు?” అన్నాడు. లోపల అక్క, బావ ఉన్నారు, చెవులు రిక్కించుకుని. నేను నాన్న భుజం మీద తువ్వాలు లాగి, మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. కింద ఆయన వేళ్ళు పట్టుకుని, అక్కయమ్మ నేర్పినట్టే, ఒక్కొక్క అంకే నొక్కి చెప్పాను.

“ఆ రెండు వేళ్ళకి తెలీదమ్మా,” అన్నాడు నాన్న మెల్లగా. “గనిలో డ్రిల్లు పట్టి పట్టి అవి చచ్చిపోయినాయి. ఈ పక్క వేళ్ళకి చెప్పు.”

ఇన్నేళ్ళుగా ఆ చేయి పట్టుకుని చర్చికి పోతున్నాను, నాకు తెలియదు. మళ్ళీ మొదటినుంచి, తెలిసే వేళ్ళకు చెప్పాను. నాన్నకు ఆ లెక్క రాదు. అయినా అయిపోయేదాకా విని, “ఊఁ. బాగుండాది,” అన్నాడు. చేయి మాత్రం వదల్లేదు.

“ఆ మండీ మూతపడదు గదా?” అన్నాడు కాసేపటికి.

“పడుతుంది నాయనా. కాయలైపోతే మూసేస్తారు. మళ్ళీ సీజనుకు తెరుస్తారు. ఏటేటా అంతే.”

“మళ్ళీ తెరిచేదాన్ని మనింట్లో ఎవురూ చూడలేదే,” అన్నాడు నాన్న.

జూలై 5, సోమవారం

మాలూరుకు నేను వెళ్ళలేదు. మండీకి వెళ్ళాను. సాయంత్రం బావ వచ్చి, ఫ్యాక్టరీ ఇంకా తెరిచే ఉందని చెప్పాడు. ఉండదా మరి, నేను చేరలేదు కదా.